ఉద్యోగం మారితే పెన్షన్ సొమ్ము తీసేయొచ్చా? ఈపీఎస్ లెక్క ఇదీ

ఉద్యోగం మారగానే పీఎఫ్‌తో పాటు పెన్షన్ సొమ్మునూ చాలామంది తీసేసుకుంటుంటారు. చేతికి వచ్చేది కొంతే. పోయేది మాత్రం జీవితాంతం వచ్చే పెన్షన్‌కు లెక్కలోకి రావాల్సిన సర్వీసు. అందుకే ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్-95) ఎలా పనిచేస్తుందో ముందే తెలుసుకోవాలి.

సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?
పెన్షన్ కోసం మీ జీతంలోంచి విడిగా ఏమీ కోయరు. యజమాని చెల్లించే 12 శాతంలో 8.33 శాతం ఈపీఎస్‌కు వెళ్తుంది. 2014 సెప్టెంబరులో నిర్ణయించిన రూ.15,000 వేతన పరిమితి ప్రకారం ఇది నెలకు గరిష్ఠంగా రూ.1,250. కేంద్రం మరో 1.16 శాతం జమచేస్తుంది. 2014 సెప్టెంబరు 1 తర్వాత, బేసిక్, డీఏ కలిపి రూ.15,000 దాటిన జీతంతో తొలిసారి పీఎఫ్‌లో చేరినవారికి ఈపీఎస్ వర్తించదు.

పెన్షన్ ఎంత వస్తుంది?
చివరి 60 నెలల సగటు వేతనాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి, 70తో భాగించాలి. సగటు వేతనం రూ.15,000, సర్వీసు పదేళ్లు అయితే నెలకు సుమారు రూ.2,143. ఇరవై ఏళ్లు పూర్తిచేస్తే అదనంగా రెండేళ్లు కలుపుతారు. అంటే 30 ఏళ్ల సర్వీసుకు 32 ఏళ్ల లెక్కన సుమారు రూ.6,857. పాస్‌బుక్‌లో పెన్షన్ నిల్వపై వడ్డీ కనిపించకపోవడానికి కారణమిదే. పెన్షన్‌ను నిల్వను బట్టి కాదు, ఈ సూత్రంతో లెక్కిస్తారు.

ఎప్పటి నుంచి?
కనీసం పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పూర్తి పెన్షన్. 50 ఏళ్లు దాటాక ముందుగానే తీసుకోవచ్చు కానీ, ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది. 60 ఏళ్ల వరకు ఆగితే అదే లెక్కన పెరుగుతుంది.

ఉద్యోగం మారితే?
ఒక కంపెనీలో ఆరేళ్లు, మరోచోట ఐదేళ్లు పనిచేశారనుకుందాం. మొదటి సొమ్ము తీసేస్తే మిగిలేది ఐదేళ్లే. పెన్షన్ అర్హతే ఉండదు. యూఏఎన్ ద్వారా బదిలీ చేసుకుంటే 11 ఏళ్లు అవుతుంది. వెంటనే మరో ఉద్యోగం లేకపోతే ఫారం 10-సి ద్వారా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని, సర్వీసును కాపాడుకోవచ్చు. పెన్షన్ కోరేటప్పుడు ఇచ్చేది ఫారం 10-డి.

ఇదొక్కటే చాలదు
ఈ పెన్షన్‌కు డీఏ ఉండదు. ధరలు పెరిగినా మొత్తం మారదు. కాబట్టి పీఎఫ్‌ను కదిలించకుండా ఉంచి, ఎన్‌పీఎస్ వంటి మరో పొదుపునూ తోడు చేసుకోవడం మేలు. ముందుగా ఈరోజే పాస్‌బుక్ తెరిచి, పాత కంపెనీల సర్వీసు బదిలీ అయిందో లేదో చూసుకోండి.