సరకుబండ్లు పెంచిన స్టేషన్లు

రాయ్‌పూరునుండి బిలాస్‌పూరువైపు సాగు మార్గమున ఉర్కురా దాటినంతనే వచ్చు మాంఢర్, దానికావలనున్న సిలియారీ, ఈ రెండు చిన్న స్టేషన్లే సిల్తారా పారిశ్రామికవాడ జనులకు రైలెక్కు తావులు. హావ్‌డా–బొంబాయి మెయిలులో కూర్చున్నవారికి ఆ పేర్లు చదువుకొనుటకైనను వ్యవధి చిక్కదు.

అసలీ మార్గము పుట్టినదే సరకులకొరకు. ఛత్తీస్‌గఢ్ మైదానమున విరివిగా పండు ధాన్యమును బయటి సంతలకు చేర్పవలెనన్న తలంపుతో నాగపూరునుండి రాజనందగావ్ వరకు 1882 నాటికి మీటరుగేజి పట్టాలు పరచిరి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే వాటిని స్వాధీనము చేసికొని, బ్రాడ్‌గేజికి మార్చి, రాయ్‌పూరు, బిలాస్‌పూరుల మీదుగా తూర్పునకు పొడిగించి, 1891లో అసన్‌సోల్‌కు చేర్చెను.

మన తెలుగువారికి ఈ కథతో చుట్టరికము కల్పించినదియు సరకే. విశాఖపట్టణమున రేవు కట్టుచున్న రోజులలో, మధ్యపరగణాల మాంగనీసును సముద్రతీరమునకు దింపుటకు దగ్గరి త్రోవ కావలసివచ్చి, అదివరకే విజయనగరమునుండి పార్వతీపురము చేరియున్న పట్టాలను కొండలు, అడవులగుండ రాయ్‌పూరు వరకు పొడిగించి 1931లో ముగించిరి. రెండేండ్లకు రేవు తెరచుకొన్నది. ఖనిజము దిగివచ్చిన త్రోవనే మన ఉత్తరాంధ్రులు కొలువులు వెదకుకొనుచు ఎగువకు పోయిరి.

మాంఢర్‌కు కొంతకాలము సిమెంటు వలన పేరుండెను. మన తాండూరులో సిమెంటు చేయు సిమెంట్ కార్పొరేషన్‌వారి కర్మాగారమొకటి అక్కడను ఉండి, మన ఆదిలాబాదు కర్మాగారమువలెనే మూతపడినది. ఆ వెలితిని సిల్తారా పూడ్చెను. ఇనుపరాతిని బొగ్గుతో కలిపి, కరగనీయకయే, తిరుగుడు కొలిమిలో కాల్చి, అందలి ప్రాణవాయువును తొలగించి స్పాంజి ఇనుము చేయు అక్కడి కార్ఖానాలకు రాయి కావలెను, బొగ్గు కావలెను; రెంటికిని రైలే దిక్కు. కావుననే లోకల్ బండి లూపులైనులో నిలిచియుండగా, ప్రక్క పట్టాలమీద బొగ్గు వ్యాగన్లు ఒకటివెంట నొకటి దొర్లిపోవుచుండును. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకొన్న కార్మికుడు గడియారము చూచుకొనుచు, షిఫ్టు సైరను వేళకు చేరుదునా యని లెక్కలు కట్టుకొనుచుండును.

కోర్బా–విశాఖపట్టణము ఎక్స్‌ప్రెస్సు ఈ స్టేషన్ల ముందునుండియే పోవును గాని ఆగదు. విశాఖనుండి వచ్చువారు రాయ్‌పూరులో దిగి, బిలాస్‌పూరు లోకల్ పట్టుకొనవలసినదే. 2003లో బిలాస్‌పూరు కేంద్రముగా ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వే దేశమున సరకురవాణాలో ముందువరుసనున్నది. ఆ రాబడికి మూలమైన కార్ఖానాలలో పనిచేయువారికొరకు, షిఫ్టులు మారు వేళలకు పొసగునట్లు రెండు లోకల్ బండ్లను ఆలస్యము లేకుండ నడుపుట ఆ సంస్థకు భారము కాదు, అధికారులు ఆలోచింపవలెను.