శాసనం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో గెలిచినవాళ్లను శాసనసభ్యులంటాం. ఇంట్లో ఎదురులేని పెద్దాయన ఉంటే 'ఆయన మాటే శాసనం' అంటాం. గుట్ట మీద బండకు చెక్కిన పాత రాతా శాసనమే.

సంస్కృతంలో 'శాస్' ధాతువుకు ఆజ్ఞాపించడం, బోధించడం అని అర్థాలు. శాస్త్రం, శిష్యుడు దాని సంతానమే. మొదట శాసనమంటే రాజాజ్ఞ. ఆ ఆజ్ఞను రాతి మీదా రాగిరేకు మీదా చెక్కించేవారు కాబట్టి, రానురాను చెక్కిన రాతకే ఆ పేరు స్థిరపడింది.

కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలో కురిక్యాల ఉంది. అక్కడి బొమ్మలమ్మ గుట్ట మీద 10వ శతాబ్ది నడిమి కాలపు శాసనమొకటి ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి. వేయించింది రాజు కాదు, జినవల్లభుడు. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్న కన్నడ ఆదికవి పంపకు తమ్ముడు. అన్న గొప్పతనాన్ని, తమ వంశాన్ని రాయికి అప్పగించాడు. పంప తల్లి పేరు అబ్బణబ్బె అని కన్నడిగులకు తెలిసింది మన గుట్ట వల్లే! అందులోని మూడు తెలుగు కందపద్యాలు నన్నయ కంటే సుమారు నూరేళ్లు ముందువి. నా దృష్టిలో ఈ ప్రాంతానికి ఇంతకు మించిన ఆస్తి లేదు.

వేములవాడ చాళుక్యుల సైన్యం, వారి ఏలికలైన రాష్ట్రకూటుల సామ్రాజ్యం ఆ శతాబ్దం దాటలేదు. ఆజ్ఞ లేని ఈ శాసనాన్ని మాత్రం నేటికీ చదవవచ్చు.