బడిని వెనక్కి తిరిగి చూసినవాళ్లు

పదో తరగతి ఆఖరి పరీక్ష రాసి గేటు దాటిన పిల్లలు తమ బడి గురించి ఏమనుకుంటారో ఏ ఊరి చరిత్రలోనూ రాసి ఉండదు. గ్రూప్ ఫొటో, ఆటోగ్రాఫ్ పుస్తకం, చేతికొచ్చిన టీసీ. ఆ తర్వాత ఎవరి తలపోత వాళ్లది. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఉన్న సీమలో మాత్రం ఆ తలపోతకు ఒక చరిత్ర ఉంది. చదువుకున్న రోజులను తలచుకుని బాధపడినవాళ్లూ, మురిసిపోయినవాళ్లూ ఇక్కడ కొత్త బడులు పెట్టారు. నూరేళ్లు దాటినా ఆ వరస తెగలేదు.

ఈ మూడు ఊళ్లూ మొదటినుంచీ ఒకే జిల్లావి కావు. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటులో ఉండేవి. 1911 ఏప్రిల్ 1న పుట్టిన చిత్తూరు జిల్లా వీటిని కలిపింది. అప్పటికే మదనపల్లెలో చదువుల సందడి ఉంది. అమెరికన్ ఆర్కాట్ మిషన్ తరఫున జేకబ్ చేంబర్లిన్ 1863లోనే అక్కడ మకాం వేశారు. ఆ తర్వాత దివ్యజ్ఞాన సమాజం వాళ్ల ఉన్నత పాఠశాల వచ్చింది.

జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మదనపల్లెలోనే, 1895 మే నెలలో. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. బదిలీలతో ఊళ్లు మారేవి, మలేరియా జ్వరంతో పిల్లవాడి బడి నెలల తరబడి ఆగిపోయేది. పదేళ్ల వయసులో తల్లి సంజీవమ్మ పోయింది. 1909లో కుటుంబం దివ్యజ్ఞాన సమాజం కేంద్రమైన అడయారు చేరింది. అన్నదమ్ములిద్దరినీ మైలాపూరు బడిలో వేశారు. పాఠం అప్పజెప్పలేని అన్న కృష్ణమూర్తికి బెత్తం దెబ్బలు పడేవి. వరండాలో నిలబెట్టిన సంగతి పంతులు మరచిపోతే సాయంత్రం దాకా అక్కడే నిలబడి ఉండేవాడు. తమ్ముడు నిత్యానంద వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఆ వరండా ఆయన్ను వదల్లేదనే అనిపిస్తుంది. ఆయన తర్వాత పెట్టిన బడుల్లో దేన్ని రానివ్వకూడదనుకున్నారో చూస్తే, ఆ జాబితాలో మొదటివి బెత్తమూ భయమూ.

1915లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ మదనపల్లెలో కళాశాల తెరిచారు. రాయలసీమకు అదే మొదటి కళాశాల. బీటీ కాలేజీ అంటేనే ఇక్కడివాళ్లకు తెలుస్తుంది. ఆ కాలేజీ తొలి ఏళ్లు ఏ నవలకూ తీసిపోవు. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ మద్రాసులో బిసెంట్ నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో పనిచేసేవారు. 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు పత్రిక ఉద్యోగం పోయింది. బిసెంటే ఆయన్ను మదనపల్లెకు ఇంగ్లిష్ చెప్పడానికి పంపారు, తర్వాత ఆయన ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. భార్య మార్గరెట్ ఊరి ఆడవాళ్లను కూడగట్టి 'అబలా అభివర్ధినీ సమాజం' పెట్టారు. ఆడవాళ్లకు ఓటు కావాలని 1917 డిసెంబరులో మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసిన ప్రతినిధి బృందం వెనక ఆమె కృషి ఉంది.

అదే ఏడు జూన్‌లో హోమ్‌రూల్ ఉద్యమం నడిపినందుకు ప్రభుత్వం బిసెంట్‌ను నిర్బంధించింది. హోమ్‌రూల్ వేడి కాలేజీకి తగలకుండా ఎలా ఉంటుంది? మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయింది. అడయారు కేంద్రంగా మొదలైన జాతీయ విశ్వవిద్యాలయం గొడుగు కిందికి కాలేజీ చేరింది. సర్కారు గుర్తింపు లేని చదువును ఎంచుకున్న ఆ పిల్లల ధైర్యం గురించి మనం చెప్పుకోవలసినంతగా చెప్పుకోలేదు.

ఆ జాతీయ విశ్వవిద్యాలయానికి చాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూర్. ఆయన కూడా బడిలో ఇమడని పిల్లవాడే. కలకత్తాలో ఒక బడి తర్వాత ఇంకో బడి మారి, చివరికి బడి చదువే మానేశారు. 1901లో శాంతినికేతన్‌లో చెట్ల కింద పాఠాలు మొదలుపెట్టించింది ఆ చిన్ననాటి ఉక్కపోతే. 1919 ఫిబ్రవరి చివర ఆయన మదనపల్లె వచ్చి కొన్ని రోజులు ఉన్నారు. విద్యార్థుల పాటల కూటమి జరుగుతుంటే తానూ పాడతానని 'జనగణమన' అందుకున్నారు. పిల్లలు గొంతు కలిపారు. మార్గరెట్ ఆ వరసకు స్వరం రాసి పెట్టారు. ఫిబ్రవరి 28న ఆ గీతాన్ని ఠాగూర్ అక్కడే ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. 1950 జనవరి 24న అది జాతీయగీతం కావడానికి 31 ఏళ్ల ముందే ఈ కాలేజీ పిల్లలకు అది ప్రార్థనాగీతం. స్వాతంత్ర్యం వచ్చాక రేడియోలో ఆ పాట విన్న బీటీ కాలేజీ పాత విద్యార్థికి గుర్తొచ్చేది ఢిల్లీ కాదు, తన తరగతి గది.

వరండాలో నిలబడిన పిల్లవాడు 1920ల నడుమ మదనపల్లె పరిసరాలకు తిరిగి వచ్చాడు. ఊరికి కొన్ని మైళ్ల దూరంలో, రుషికొండ కింద లోయలో ఒక పెద్ద మర్రిని చూసి బడికి అదే చోటని తేల్చారు కృష్ణమూర్తి. రిషివ్యాలీ బడి తన పుట్టుకను 1926 నుంచి లెక్కపెట్టుకుంటుంది. అక్కడ దెబ్బల్లేవు, ర్యాంకుల్లేవు. పొద్దు వాలే వేళ పిల్లలంతా ఒకచోట చేరి మాటల్లేకుండా ఆకాశం చూస్తూ కూర్చునే అలవాటుంది. దాన్ని 'అస్తాచల్' అంటారు. అక్కడ చదువుకున్నవాళ్లు ఎక్కడ స్థిరపడినా లెక్కల పాఠం కంటే ముందు తలచుకునేది దాన్నే.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. రిషివ్యాలీ ఎంత గొప్ప బడైనా అందులో చేరేవాళ్లు ఎక్కువగా నగరాల నుంచి వచ్చిన, ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు. లోయ చుట్టూ ఊళ్లలో మేకలు కాసే పిల్లలకు ఆ మర్రినీడ అందలేదు. ఆ లోటు తీర్చే దారి కూడా అక్కడినుంచే వచ్చింది. రిషివ్యాలీలో పాఠాలు చెప్పిన డేవిడ్ హార్స్‌బర్గ్ 1972లో సరిహద్దుకు అవతల, కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర నీల్‌బాగ్ అనే చిన్న బడి పెట్టారు. పల్లె పిల్లలకు పరీక్షలూ శిక్షలూ లేని బడి అది. 1980లలో పద్మనాభరావు, రమ దంపతులు రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గదిలో అన్ని తరగతులూ నడిచే బడులకు కొత్త పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, 'నిచ్చెన' అనే వరసలో పేర్చారు. వేరుశనక్కాయల కాలంలో పొలానికి పోయి నెల తర్వాత వచ్చిన పిల్లవాడు, తాను ఆపిన కార్డు దగ్గరే మళ్లీ మొదలుపెట్టవచ్చు. వెనకబడ్డాడన్న మాటే ఉండదు. కర్ణాటకలో 'నలి కలి', తమిళనాట కృత్యాధార బోధన ఈ పల్లె బడులను చూసి మొదలైనవే.

పుంగనూరు అంటే లోకానికి పొట్టి ఆవు గుర్తొస్తుంది. పేరుమోసిన బడుల కథలో ఆ ఊరి పేరు వినబడదు. అలాంటి ఊళ్లలో చదివినవాళ్ల జ్ఞాపకం ఒక పుస్తకంలో ఉండేది: ఎస్‌ఎస్‌ఎల్‌సీ పుస్తకం. మద్రాసు రాష్ట్రపు రోజుల నుంచి వచ్చిన ఆ అట్ట పుస్తకంలో మార్కులు, పుట్టినతేదీ, పుట్టుమచ్చలు అన్నీ ఉండేవి. ట్రంకుపెట్టె అడుగున దాచుకుని, ఉద్యోగానికి వెళ్లినా పెన్షనుకు వెళ్లినా దాన్నే చూపించేవారు. 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాక పదో తరగతితోనే బడి ముగిసింది.

కుప్పంలో చదువుల మాట ఎత్తితే మూడు భాషలు గుర్తుంచుకోవాలి. ఇటు తమిళనాడు, అటు కర్ణాటక. ఇంట్లో ఒక భాష, అంగట్లో ఇంకొకటి, బడిలో మరొకటి మాట్లాడి పెరిగినవాళ్లు ఇక్కడ ఎందరో. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ వెలిసింది అందుకే. ఆ తర్వాత రెండేళ్లకు రిషివ్యాలీ పాత విద్యార్థి రామ్‌జీ రాఘవన్ బ్యాంకు ఉద్యోగం వదిలి అగస్త్య ఫౌండేషన్ స్థాపించారు. కుప్పం దగ్గర గుడివంకలో 172 ఎకరాల రాతి నేలను పచ్చగా మార్చి, సైన్స్ ప్రయోగశాలలు కట్టారు. ప్రయోగ సామగ్రితో వ్యాన్లు సర్కారు బడులకు వెళ్తాయి. బల్బు వెలిగించి చూడని పిల్లలు చేతులతో చేసి చూస్తారు, నేర్చుకున్నది తోటివాళ్లకు చెబుతారు. మైలాపూరు వరండా నుంచి గుడివంక దాకా వచ్చిన దారి ఇది.

ఇప్పుడు ఎక్కడ చూసినా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు జరుగుతున్నాయి. గురువులకు శాలువాలు, సామూహిక భోజనాలు, పాత ఫొటోలో ఉన్నవాళ్లే మళ్లీ వరసగా నిలబడి తీయించుకునే కొత్త ఫొటో. మంచి ఆచారం. ఈసారి వెళ్లేవాళ్లు ఒక కాగితం కూడా తీసుకువెళ్లండి. ఆ బడిలో మీకు దొరకనిది ఏమిటో, గ్రంథాలయమో, ప్రయోగశాలో, ఆడపిల్లలకు మరుగుదొడ్డో, భయం లేకుండా ప్రశ్న అడిగే వీలో, దాని మీద రాయండి. అందులో ఒక్కటైనా ఈ ఏడు అక్కడ చదువుతున్న పిల్లలకు సమకూర్చి రండి.