శాన్‌ఫ్రాన్సిస్కో ప్లేగు (1900–1904)

అమెరికా ప్రధాన భూభాగంలో నమోదైన తొలి ప్లేగు వ్యాప్తి. 1900 మార్చి 6న చైనాటౌన్‌లోని గ్లోబ్ హోటల్ నేలమాళిగలో చనిపోయిన ఒక చైనా కార్మికుడి శవాన్ని పరీక్షించి డాక్టర్లు ప్లేగును అనుమానించారు. మర్నాటికల్లా పోలీసులు పేట చుట్టూ తాళ్లు కట్టేశారు. తెల్లవాళ్లను మాత్రం బయటకు వదిలారు, రోగం ఒంటి రంగు చూసి అంటుతుందన్నట్టు.

మే నెలలో మరో ఆంక్ష వచ్చింది: హాఫ్కిన్ టీకా వేయించుకోని ఆసియావాసులు ఊరు దాటకూడదు. 1897లో బొంబాయిలో తయారైన ప్లేగు టీకా అది. ఫెడరల్ కోర్టు ఆ ఆంక్షను ఆపేసింది. ఆపై విధించిన రెండో దిగ్బంధం హద్దు, తెల్లవాళ్ల భవనాలను తప్పించుకుంటూ వంకరటింకరగా సాగింది. జూ హో అనే కిరాణా వ్యాపారి దావా వేయగా, జూన్‌లో జడ్జి విలియం మారో దాన్నీ కొట్టేశాడు.

వ్యాపారం దెబ్బతింటుందన్న భయంతో గవర్నర్ హెన్రీ గేజ్ అసలు ప్లేగే లేదని బుకాయించాడు. ప్లేగేనని తేల్చిన డాక్టర్ జోసెఫ్ కిన్యన్‌ను 1901లో బదిలీ చేశారు.

నగరంలో వచ్చిన పెద్ద భూకంపం తర్వాత 1907లో జబ్బు తిరగబెట్టినప్పుడు రోగుల్లో అత్యధికులు తెల్లవాళ్లే. ఈసారి డాక్టర్ రూపర్ట్ బ్లూ పేటల్ని మూయలేదు, ఎలుకల్ని పట్టించాడు. 1908లో ప్లేగు ఆగింది.