సరిహద్దు పాటకుడికి సభ ఏది?

ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచకు ఎదురుగా కాళేశ్వరం. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువారికి సంక్రమించిన ఈ ప్రాంతం ఎగువ గోదావరి జిల్లాగా ఉండి, 1874లో చాందా జిల్లాలో కలిసింది. 1982 నుంచి గడ్చిరోలి జిల్లా. పాలన ఎన్ని చేతులు మారినా ఎన్నో ఇళ్ళలో భాష తెలుగే.

ఇక్కడ పాడే యువకుణ్ణి పిలిచి బహుమతి ఇచ్చే సభ ఏది? పోల్చదగిన ఉదాహరణ మద్రాసులో ఉంది. 1953 తరువాత అదీ ఆంధ్రకు బయటి ఊరే కదా!

1964లో అక్కడి తెలుగు సాంస్కృతిక సంస్థ ఒకటి ఔత్సాహిక గాయకులకు పోటీ నిర్వహించింది. న్యాయనిర్ణేతలలో ఘంటసాల ఉన్నారు. ఇంజనీరింగు చదువుతున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి ప్రథమ బహుమతి వచ్చింది. అయితే బహుమతి ఒక్కటే ఆయనను సినిమాకు చేర్చలేదు. ఆ పాట విన్న సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి ఆయనను గుర్తుపెట్టుకొన్నారు. 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం తొలి పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న, అంటే రెండేళ్ళ తరువాత. ఈ రెండేళ్ళనే చాలామంది మరచిపోతారు. శిష్యుడు మరువలేదు, తరువాత తన రికార్డింగు థియేటరుకు కోదండపాణి పేరే పెట్టుకొన్నారు.

1996లో ఆయనే ఈటీవీలో 'పాడుతా తీయగా' ప్రారంభించారు. ఉపగ్రహ ప్రసారానికి ప్రాణహిత అడ్డు కాదు. కాని ఇంట్లో కూర్చొని చూడటం వేరు, అక్కడికి వెళ్ళి నిలబడి పాడటం వేరు. 1964 నాటి పోటీ జరిగింది ఆ కుర్రవాడు చదువుకొంటున్న ఊళ్ళోనే.