చమురు బావుల చెత్తలో కనిపించని రేడియం

చమురు, సహజవాయువు బావుల వ్యర్థాలు అనగానే జిడ్డు, రసాయనాలే గుర్తుకు వస్తాయి. వాటితో పాటు కంటికి కనిపించని రేడియం సైతం పైకి వస్తుంది. భూగర్భ శిలల్లో సహజంగా ఉండే యురేనియం, థోరియంల నుంచి పుట్టే ఈ మూలకం లోతుల్లోని ఉప్పునీటిలో కరిగి చమురుతో కలిసి బయటపడుతుంది.

బావి తవ్వేటప్పుడు వెలువడే రాతిపొడిలో రేడియోధార్మికత సాధారణంగా స్వల్పమే. అసలు చిక్కు ఉప్పునీటితోనే. అందులోని రేడియం బేరియం లవణాలతో కలిసి గొట్టాల లోపల గారగా పేరుకుంటుంది. ట్యాంకుల అడుగు మడ్డిలోను, నీటిని వడకట్టే సంచుల్లోను పోగుపడుతుంది.

ఎవరికి ముప్పు?

ఇటువంటి చెత్తను సాధారణ డంపింగ్ యార్డులో పూడిస్తే తొలి ప్రమాదం అక్కడి కార్మికులకే. గామా కిరణాలు శరీరానికి తగులుతాయి. ధూళి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఒంట్లోకి వెళ్లిన రేడియం కాల్షియం మాదిరిగా ఎముకల్లో నిలిచిపోతుంది. దాని నుంచి వెలువడే రేడాన్ వాయువు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారకం. యార్డు అడుగున నీరు ఇంకని పొర లేకుంటే వర్షపు నీటితో పాటు రేడియం భూగర్భ జలాల్లోకి దిగే అవకాశం ఉంది. రేడియం-226 సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. యార్డు సంగతి జనం మరచిపోయాక అక్కడే ఇళ్లు కడితే ముప్పు మళ్లీ మొదలవుతుంది.

అమెరికా అనుభవం

అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో గ్రాముకు 5 పికోక్యూరీలకు మించి రేడియం ఉన్న చెత్తను యార్డుల్లో వేయరాదన్న నిబంధన ఉండేది. బయటి రాష్ట్రాలకు తరలించే ఖర్చు తప్పించుకునేందుకు కొందరు అక్రమ మార్గం పట్టారు. 2014లో నూనన్ పట్టణంలో మూతపడిన పెట్రోలు బంకులో వడపోత సంచులు గుట్టలుగా బయటపడ్డాయి. ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల అధ్యయనం అనంతరం, ప్రత్యేక అనుమతి పొందిన యార్డులకు 2016లో పరిమితిని 50 పికోక్యూరీలకు పెంచారు. ఒక్కో యార్డులో ఏడాదికి 25 వేల టన్నులకు మించి పూడ్చరాదని షరతు విధించారు.

డెల్టాలో జాగ్రత్త అవసరం

కృష్ణా, గోదావరి డెల్టాలో దశాబ్దాలుగా చమురు, వాయు బావులు తవ్వుతున్నారు. తవ్వకపు రాతిపొడిని నీరు ఇంకని పొర పరచిన గుంటల్లో వేయాలని కేంద్రం 2005లో మార్గదర్శకాలు జారీ చేసింది. రేడియోధార్మిక భద్రత అణుశక్తి నియంత్రణ బోర్డు పరిధిలోనిది. కొద్ది లోతులోనే నీరు పడే ఈ నేలలో గార, మడ్డిని పూడ్చక ముందే కొలవాలి. ఏది ఎక్కడ పూడ్చారో భూమి రికార్డుల్లో శాశ్వతంగా నమోదు కావాలి. నేడు రాసి ఉంచితేనే రేపు ఆ నేలపై నివసించేవారికి తెలుస్తుంది.