వెండితెర, రంగస్థలము

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలు ఒకదానినొకటి ఆనుకొనియున్నవి. ఒకవైపు ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ చలనచిత్రశాలలు, మరొకవైపు 1966లో స్థాపితమైన శ్రీ త్యాగరాయ గానసభ. క్రొత్త చిత్రము విడుదలయిన నాడు కూడలిలో జనసమ్మర్దము మిక్కుటముగా నుండును. ఆ సాయంకాలమే గానసభలో కచేరియో, నృత్యమో, నాటకమో జరుగుచుండును. తెరయు వేదికయు ఇట్లు ఇరుగుపొరుగులై వర్ధిల్లుట విశేషమే.

వీని బాంధవ్యము ప్రాతది. మొదట ఋణపడినది తెరయే. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున ‘కీచకవధ’ ప్రదర్శనముతో ఆరంభమైన నాటక సంప్రదాయమునుండి వచ్చిన కమలాబాయి, 1932లో విడుదలయిన ‘భక్తప్రహ్లాద’లో లీలావతి పాత్రను ధరించెను. హెచ్.ఎం. రెడ్డిగారు దర్శకత్వము వహించిన ఆ తొలి తెలుగు టాకీకి ఆధారము రంగస్థలముపై ఆడిన నాటకమే.

మూకచిత్రముల కాలమున శాలకు సైతము వేదికతో పొత్తు కలదు. 1922లో ధీరేన్ గంగూలీ హైదరాబాదునందు లోటస్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పునాటికి చిత్రములకు మాటలు లేవు. నాడు పెక్కు శాలలలో వాద్యకారులు తెరముందు కూర్చుండి వాయించెడివారు.

టాకీలు వచ్చినపిమ్మట శాలానిర్మాణమే మారెను. లౌడ్‌స్పీకరు ధ్వని గోడలకు తగిలి మరల మ్రోగినచో సంభాషణ తెలియదు. కనుక ధ్వనిని పీల్చు పలకలను గోడలకు అమర్చిరి. తెరవెనుక లోతును తగ్గించిరి. నాటకమునకు కావలసినది వేరు: పాత్రలు వేచియుండుటకు ప్రక్కల చోటు, వేషధారణకు గది, దృశ్యములు మార్చుటకు లోతు. గాత్రకచేరికి గోడలు నాదమును కొంత తిరిగి ఈయవలయును. అందుచేత ప్రతి చిత్రశాలయు తలచినంతనే రంగశాల కాజాలదు.

అయినను అయిన శాలలు కలవు. బొంబాయిలోని రాయల్ ఆపెరా హౌస్‌ను 1911లో అయిదవ జార్జి చక్రవర్తి ప్రారంభించెను. నాటకములకై కట్టిన ఆ భవనము 1930 తరువాతి దశకమున చలనచిత్రముల పాలయ్యెను. 1993లో మూతపడెను. జీర్ణోద్ధరణానంతరము 2016లో తిరిగి ప్రదర్శనశాలగా తలుపులు తెరచెను. అమెరికాలో సెయింట్ లూయీ నగరమున 1925లో వెలసిన చిత్రశాల 1968లో వాద్యబృందమునకు నిలయమై, పావెల్ హాల్ అను పేరు పొందెను. టాకీలకు ముందు నాటి కట్టడములు అగుటచేత ఈ రెండింటికిని విశాలమైన వేదిక ఉండెను. వానిని నిలుపదలచిన వారును ఉండిరి.

మన కూడలిలో సుదర్శన్ 70 ఎం.ఎం., ఓడియన్ ప్రాత భవనములు నేడు లేవు. పట్టణములలో పెక్కుచోట్ల చిత్రశాల పోయినచోట వ్యాపారసముదాయము లేచుచున్నది. భూమి వెల అట్టిది. యజమానిని తప్పుపట్టుట సులభము, న్యాయము కాదు. కాని కూల్చుటకు ముందు ఒక్క ప్రశ్న వేయవచ్చును: ఈ తెరవెనుక ఎంత లోతున్నది? నాలుగువందల మంది కూర్చుండి ఒక పద్యనాటకమునో, హరికథనో వినుటకు ఇది చాలునా? చాలునన్నచోట పురపాలకసంఘమును, కళాసంస్థలును యజమానితో కూడి ఆలోచింపవచ్చును.

ఆ ఆలోచనకు బలమిచ్చునది ప్రేక్షకుడే. బొంబాయి రంగశాలను చిత్రశాలగా మార్చినది సినిమావైపు మరలిన ప్రేక్షకుల అభిరుచి. వేదిక ఎచ్చటనైనను నిలువవలెనన్నచో దానియెదుట జనముండవలెను. రేడియోలో కచేరి విని ఆనందించు కుటుంబములు నెలకొక సాయంకాలము చిక్కడపల్లి దారి పట్టి, గాయకుని ఎదుట కూర్చుండి వినినచో, గానసభకేగాక రేపు వెలయబోవు వేదికలకును అదియే పెట్టుబడి.